నాలా పైపు మీద సాహస క్రీడలు

ముంబై దగ్గరి నాగావ్‌లో మా గల్లీ చివర నాలా మీదుగా పోయే పాత నీళ్ల పైపు ఇకనుంచి సాహస క్రీడా స్థలమని సగర్వంగా తెలియజేయడమైనది. ఇంతకు ముందు అది పసిపిల్లల బడికి, మా బాల్‌వాడీకి, పోయే దారి.

నాలాకు ఇవతల మరమగ్గాలు, మేము. అవతల బాల్‌వాడీ. చుట్టూ తిరిగి పోవాలంటే పూర్ణ అనే ఊరి గోదాములకు కంటైనర్ లారీలు పరుగెత్తే రోడ్డు దాటాలి. ఆ డ్రైవర్లకు చిన్నపిల్లలు కనబడరు. వాళ్ల తప్పేమీ లేదు, అంత ఎత్తున కూర్చుంటారు. అందుకని మా గల్లీ తల్లులం పిల్లల్ని చంకన ఎత్తుకొని పైపు మీదే నడుస్తాం. పట్టుకోవడానికి చిందీలతో, అంటే మగ్గాల దగ్గర పారేసే బట్ట పీలికలతో, పేనిన తాడొకటి పైన కట్టుకున్నాం. నా కూతురు సాక్షి నా మెడ పట్టుకుంటుంది, నేను తాడు పట్టుకుంటాను, దాటినంత సేపూ ఊపిరి తీసుకోను. ఆరో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని కాబట్టి దీన్ని భయమనుకున్నాను. సాహసమని చదువుకున్నవాళ్లు వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

బ్రిడ్జి కట్టించండి అని ఖాళీ జాగాల ఆఫీసులో అడిగితే భూషణ్ సాహెబ్ స్వయంగా వచ్చారు. ఊళ్లో ఎవరిదీ కాని నేలనంతా చూసుకునే అధికారి ఆయన. "దాటి చూపించండి. ప్రమాదం ఏపాటిదో నేను చూడాలి" అన్నారు.

ఇక్కడ మా వాళ్ల అలవాటొకటి చెప్పాలి. నేసిన బట్టను సేఠ్ చూడవచ్చినప్పుడు మేము మచ్చలేని వైపు పైకి పెట్టి పరుస్తాం. చూడవచ్చినవాడికి తప్పు కనబడిందా, కూలి కోస్తాడు. ఇది మాకు ఎవరూ నేర్పక్కరలేదు. సాహెబ్ జేబులోంచి పెన్ను తీసి నిలబడగానే మా కాళ్లు వణకడం మానేశాయి. పక్కింటి చంద్రవ్వ మనుమడిని చంకన పెట్టుకొని, నెత్తిన నీళ్ల డబ్బాతో, తాడు ముట్టకుండా, కొంగు కూడా కదలకుండా దాటింది. నేను సాక్షిని ఎత్తుకొని మొట్టమొదటిసారి నవ్వుతూ దాటాను. అవతలికి పోయి సాహెబ్‌కు దండం కూడా పెట్టాను.

"ఇందులో బాగుచేయవలసింది ఏముంది?" అని సాహెబ్ మెచ్చుకొని, వీడియో తీసుకొని వెళ్లిపోయారు.

మా ఆయన రాజమౌళి సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "గంత మంచిగ దాటితె బ్రిడ్జి ఎవడు కడ్తడే? జర జారినట్టన్న చెయ్యకపోతివి."

"పోరి చంకలున్నంక జారినట్టు ఎట్ల చేస్తరు? నువ్వు చేసి చూపియ్యి" అన్నాను. మగ్గం ఆపి రావడం కుదరదన్నాడు.

ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగింది. ముంబై నుంచి పంకజ్ అనే యువకుడు మిత్రబృందంతో విచ్చేశాడు. నెత్తిన హెల్మెట్, దానికి కెమెరా, నడుము చుట్టూ ఇనుప కొక్కేలు. కొండలన్నీ ఎక్కేశారట, ఎక్కడా భయం పుట్టడం లేదట. మా నాలా చూడగానే పుట్టింది. ఎంతో సంతోషించారు.

"అవుతల ఏం పనుంది బిడ్డా?" అని చంద్రవ్వ అడిగింది.

"పనేం లేదు మౌసీ. దాటి మళ్లీ వస్తాం" అన్నాడతను హిందీలో.

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

చంద్రవ్వ నా చెవిలో, "మంచిగున్నోళ్ల పిల్లలే, పాపం" అంది.

తర్వాత జనం పెరిగారు. ఒకాయన కళ్లకు గంతలు కట్టుకొని దాటాడు. ఒకాయన సైకిలెక్కి దాటాడు. ఒక జంట పైపు నడుమ కూర్చొని వడాపావ్ తిన్నారు, అదీ క్రీడేనట. పడినవాళ్లకు పడనివాళ్లకంటే ఎక్కువ పేరు వచ్చేది. నాలాలోకి అద్దకం కార్ఖానాల నీళ్లు వస్తాయి కాబట్టి ఒకరు పచ్చగా, ఒకరు ఊదాగా పైకి లేచేవారు. ఫలానా రంగు కావాలని రోజు చూసుకొని వచ్చేవారు కూడా ఉన్నారు.

భూషణ్ సాహెబ్‌కు నిద్ర కరువైంది. ఖాళీ జాగాలో గుడిసె వేస్తే పీకేయడానికి, గేదెలు కడితే తోలేయడానికి నిబంధనలున్నాయి. ఇష్టపడి పడడానికి వచ్చేవారి గురించి ఏమీ లేదు. చివరికి సభ పెట్టి ఉపన్యసించారు: "ఈ నేల ప్రజలది. ప్రజలంటే ఎవరు? ఉల్లాసం కోరి వచ్చేవారు. దారి కోరేవారి కోసం రోడ్ల ఆఫీసు వేరే ఉన్నది." ఆ సభకు కుర్చీలు మేమే వేశాం.

మరునాటి నుంచి హెల్మెట్ తప్పనిసరి, చిన్నపిల్లలకు ప్రవేశం లేదు. కాపలావాడు సాక్షిని ఆపాడు. "ఆడడానికి వయసు చాలదు."

"ఆడనీకి కాదు భయ్యా, బడికి."

"బడికైతే అసలే కుదరదు. ఇది క్రీడా స్థలం."

సాక్షి బాల్‌వాడీ మానేసింది. బాల్‌వాడీ లేని పిల్లలు మగ్గం పక్కనే ఆడుకుంటారు. తిరిగే మగ్గం బెల్టు దగ్గరికి ఎప్పుడు చెయ్యి పోతుందోనని నేను అన్నం కూడా నిలబడే తిన్నాను.

అంతలో వచ్చినవారే ఫిర్యాదు చేశారు: వీడియోలోని తల్లులేరి? పిల్లలేరి? వాళ్లు లేనిదే చూడడానికి ఏముంది? సాహెబ్ దయగల మనిషి. మమ్మల్ని స్థానిక ప్రదర్శనగా గుర్తించి, రోజూ బడివేళకు దాటడానికి అనుమతించారు. చంద్రవ్వ, "మాకు సుత హెల్మెట్లు ఇయ్యిరి సార్" అంది. సహజత్వం చెడుతుందని ఆయన ఒప్పుకోలేదు.

చూసేవారు గట్టు మీద తోసుకొని ఎవరైనా పడితే బాధ్యత ఆఫీసుదే. అందుకని వాళ్ల కోసం పైపు పక్కనే ఇనుప బ్రిడ్జి కట్టించారు. రెండు వైపులా కటకటాలు, పైన నీడ. నేరుగా బాల్‌వాడీ గేటు దగ్గర దిగుతుంది. ప్రారంభం రోజు నేను సాక్షికి తల దువ్వి, పౌడర్ వేసి, బ్రిడ్జి మీద కాలు పెట్టాను.

కాపలావాడు మర్యాదగానే చెప్పాడు. "భాభీ, ఇది చూసేవాళ్లకు. మీరు ఇటు ఎక్కితే వాళ్లు ఏం చూడాలి?"

సాక్షిని చంకన సర్దుకున్నాను. పైపు ఎక్కాను.

మీరూ రండి. బ్రిడ్జి గట్టిది, ఏమీ భయం లేదు. ఫోటోలు తీసుకోండి, పిల్లల్ని తెచ్చి చూపించండి. చప్పట్లు మాత్రం కొట్టకండి. ఎవరు చప్పట్లు కొట్టినా తనూ కొట్టాలని బాల్‌వాడీలో సాక్షికి నేర్పారు. నా మెడ వదిలేసి, రెండు చేతులతో కొడుతుంది.