గుమ్మడికాయ కొట్టి వెనక్కి చూడని ఐలేశం

ఆ ఉదయం ఐలేశం అనుకున్నది ఒక్కటే. ఎనిమిదింటికల్లా కంపెనీ గేటు దగ్గరి హాజరు మిషన్ మీద వేలు పెట్టాలి. షాద్‌నగర్ నుంచి పట్నం పోయే హైవే మీద బస్సుల కోసం నిలబడి ఇప్పటికే చాలాసార్లు లేటయ్యాడు. ఇంకొక్కసారి లేటయితే రానే రావద్దని సూపర్‌వైజర్ వెంకటేష్ చెప్పేశాడు. అందుకే పాత బండి ఒకటి కొన్నాడు.

బండి తీయబోతే భార్య నర్సింగమ్మ అడ్డం నిలబడింది.

"దిష్టి తియ్యకుండ ఎట్ల పోతవ్? గుమ్మడికాయ తెచ్చిన."

"లేటయితదే!"

"మూడు బాటలు కలిసే కాడ కొట్టు. కొట్టినంక ఎన్కకు సూడకు. సూస్తివా, దిష్టి మల్ల నీ ఎంటనే అస్తది."

సర్వీసు రోడ్డు హైవేలో కలిసేచోట ఐలేశం కాయ కొట్టాడు. లోపల నింపిన కుంకుమనీళ్ళు బారెడు దూరం చిందాయి. పచ్చ అంగీ సర్దుకుని బండెక్కాడు, వెనక్కి చూడలేదు.

దిష్టి తీసిన దాన్ని తొక్కే ధైర్యం ఎవరికుంది? ముందు ఒక స్కూటరు ఆగింది, దాని వెనక ఆటో, ఆటో వెనక ఇటుకల లారీ. ఊళ్ళ పొలాలు మింగి వేసిన అంత పెద్ద రోడ్డు ఒక్క కాయకు భయపడి నిలిచిపోయింది. దూరంగా ఆగినవాళ్ళకు ఆ ఎరుపు రక్తమై కనిపించింది. రక్తం ఉంటే గుద్దినవాడూ ఉండాలి కదా!

"పచ్చంగి ఆయన గుద్ది ఉరికిండు!" అని ఎవరో అరిచారు.

ఆగిన బండ్ల సందుల్లోంచి బయటపడిన మల్లేశ్ అనే కుర్రాడు బైకు మీద ఐలేశాన్ని అందుకున్నాడు.

"అన్నా! ఎన్కకు సూడు, ఏం జేసినవో!"

"సూడ! సూస్తే నాకే తగుల్తది!"

మల్లేశ్‌కు ఇంకా సాక్ష్యం అక్కర్లేకపోయింది. ముందు రోడ్డు పక్కన ఆగి ఉన్న పోలీసు జీపుకు చెప్పాడు. జీపు సైరన్ వేసుకుని వెంటపడింది. సైరన్ మోగేకొద్దీ ఐలేశం మెడ బిగించి బండి ఉరికించాడు. గేటు దగ్గర దూకి మిషన్ మీద వేలు పెట్టాడు. అది కుయ్యిమనేలోపు హెడ్ కానిస్టేబుల్ భుజం పట్టుకున్నాడు.

"ఎవర్ని గుద్దినవ్ రా?"

"గుమ్మడికాయ కొట్టిన సార్. బండికి దిష్టి."

హెడ్ కానిస్టేబుల్ వైర్‌లెస్‌లో కనుక్కున్నాడు. కాయ తప్ప ఎవరూ పోలేదు. ఆయన మెల్లగా భుజం వదిలి, గొంతు తగ్గించాడు.

"నడుమల ఎన్కకు గిట్ల సూసినవా?"

"లే సార్."

"మంచిగ జేసినవ్. ఇగ రోడ్డు మీద కొట్టకు, పో."

నౌకరి దక్కిందని ఐలేశం ఊపిరి పీల్చుకున్నాడు. లోపలికెళ్తే షెడ్డు ఖాళీ. పనివాళ్ళెక్కిన బస్సులు, సూపర్‌వైజర్ కారు, అందరూ ఆ కాయ వెనకే ఆగిపోయారు. మధ్యాహ్నంలోపు కదలాల్సిన లారీ మాత్రం నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"శభాష్, నువ్వొక్కనివే అచ్చినవ్," అన్నాడు పొద్దున్నే వచ్చి ఉన్న మేనేజర్. "డబ్బాలన్నీ ఎక్కియ్."

ఆఖరి డబ్బా ఎక్కించి ఐలేశం నడుము పట్టుకునే వేళకు మిగతావాళ్ళు వచ్చారు. ట్రాఫిక్ జామ్ వాళ్ళ తప్పు కాదని అందరికీ పూర్తి హాజరు వేసి, మేనేజర్ చాయ్ తెప్పించాడు.

టైముకు వచ్చినందుకు ఐలేశం మరునాడు మంచం దిగలేదు.