అడ్మిరల్ గారు ట్యాంకు చూస్తారట!

ఆ రోజుకి కృపారాణి వేసుకున్న ప్లానులో మూడే పనులున్నాయి. తొమ్మిదికల్లా తను పరిశోధన చేస్తున్న యూనివర్సిటీ డిపార్ట్‌మెంటుకు చేరడం, ట్యాంకు నీళ్లలో ఉప్పు ఎంతుందో కొలవడం, పదకొండు గంటలకు వచ్చే అడ్మిరల్ గారికి పలకలు చూపించడం. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వస్తూ, ఆయనకు చెప్పాల్సిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలనూ దారి పొడుగునా వల్లె వేసుకుంది.

వస్తున్నది ఆషామాషీ మనిషి కాదు. నౌకాదళ పరిశోధనాధిపతి, వైస్ అడ్మిరల్ రాంచందర్. నౌకాదళం కోసం ఏ మూల ఏ ల్యాబులో ఏం కనిపెట్టినా, అది ఓడెక్కాలో అటకెక్కాలో తేల్చేది ఆయనే.

కృపారాణి కనిపెట్టింది ఒక రంగు. సముద్రపు గుల్లలు ఓడల అడుగున అంటుకుని రాయిలా గట్టిపడతాయి, ఓడ నడక మందగిస్తుంది. ఈ రంగు వేస్తే గుల్లలకు పట్టు దొరకదని ఆమె వాదన. అది రుజువు చేయడానికి విశాఖ రేవు నుంచి డ్రముల్లో సముద్రపు నీళ్లు, బతికున్న గుల్లలు తెప్పించి, డిపార్ట్‌మెంటు వెనకున్న సిమెంటు ట్యాంకులో ఇరవై నాలుగు ఇనప పలకలను ఎనిమిది నెలలుగా నానబెట్టింది. పన్నెండింటికి తన రంగు, పన్నెండింటికి మామూలు ఓడ రంగు. చూడ్డానికి అన్నీ బూడిద రంగే. ఏది ఏదో వెనకనున్న నంబర్లే చెప్పాలి. ఆ కంపుకి డిపార్ట్‌మెంటులో సగంమంది కిటికీలు తెరవడం మానేశారు.

ఆ రోజు కంపు లేదు. కృపారాణి వెనక వైపుకి పరుగెత్తింది.

ట్యాంకు దగ్గర గుప్పున బ్లీచింగ్ వాసన. బయటి గోడలకు పచ్చి ఆరని నీలం రంగు. అడుగు కనిపించే మంచినీళ్లలో నాలుగు బంగారు రంగు చేపలు దిక్కుతోచక తిరుగుతున్నాయి. గట్టు మీద దొంతరగా పేర్చిన పలకలు కొత్త పళ్లేల్లా మెరుస్తున్నాయి. పక్కనే నడుం మీద చేతులేసుకుని ఎస్టేట్ సూపర్‌వైజర్ పరశురాం నిలబడ్డాడు.

"ఎట్లున్నది మేడమ్? పొద్దుగాల ఐదింటికే మొదలు పెట్టిచ్చిన."

"ఎవరు కడగమన్నరన్నా?" అంది కృపారాణి.

"మీ హెడ్ సారే. నిన్న ఫోన్ చేసి, అడ్మిరల్ గారు ట్యాంకు చూస్తరు, ఒక్క లోపం ఉండొద్దు అన్నడు. నేనొచ్చి చూస్తే అన్నీ లోపాలే ఉండె!"

అప్పుడే వచ్చిన హెడ్డు ప్రొఫెసర్ వెంకటేశ్వర్లు ట్యాంకులోకి తొంగి చూసి, గట్టు మీదే కూలబడ్డారు.

"కొంప ముంచేస్తివి కదయ్యా! లోపమంటే ఇదా?"

"చేపలు బాలేవా సార్?" అన్నాడు పరశురాం నొచ్చుకుంటూ.

టైము తొమ్మిదిన్నర. కడప నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్న వెంకటేశ్వర్లు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆ కళ్లలో ఒక మెరుపు ఉంది. కృపారాణికి ఆ మెరుపంటే భయం.

"గమ్మునుండండి. గుల్లలే కదా కావాల్సింది. క్యాంటీన్లో గుడ్డు పెంకులు ఉంటాయి. చిదిపి, జిగురుతో పలక మీద అంటించి, పైన కాస్త బురద పూస్తే ఎవురికి తెలుస్తాది? అది మామూలు రంగు, ఈ మెరిసేది మన రంగు. నువ్వు రెండూ పక్కపక్కన పెట్టి చూపించు."

"నేను చూపెట్టను సార్."

"నీ థీసిస్ మింద సంతకం ఎవురిదమ్మా?"

"మీదే సార్. ఆపితే ఆపుండ్రి. గుడ్డు పెంకుల మీద మాత్రం నా సంతకం ఉండదు."

అంత మాట తన నోటి నుంచే వచ్చిందా అని కృపారాణికే ఆశ్చర్యమేసింది. అయినా వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. వెంకటేశ్వర్లు గారు చొక్కా చేతులు మడిచి, ల్యాబులో బల్ల ముందు కూర్చుని, ఒక్కొక్క పెంకూ స్వయంగా అంటించారు.

సరిగ్గా పదకొండుకి తెల్లటి యూనిఫాంలో అడ్మిరల్ దిగారు. ట్యాంకులోకి కాసేపు చూశారు.

"చేపలు దేనికి?" ఇంగ్లీషులో అడిగారు.

"పర్యావరణ సమతుల్యం సార్," అని వెంకటేశ్వర్లు గారు గబగబా పెంకుల పలక ఎత్తి పట్టుకున్నారు. "ఇది మామూలు రంగు సార్. ఎట్లా పట్టేసినాయో చూడండి!"

కృపారాణి నోరు తెరిచింది. వల్లె వేసిన నాలుగు వాక్యాల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. తెలుగే వచ్చింది.

"సార్, అవి గుల్లలు కావు, గుడ్డు పెంకులు. మా పలకలన్నీ పొద్దున కడిగేసిండ్రు. మీకు చూపెట్టనీకి నా దగ్గర ఏం లేదు. అబద్ధమైతే నేను చూపెట్ట."

వెంకటేశ్వర్లు గారి చేతిలోంచి ఒక పెంకు టప్పున రాలింది.

"మాది ఈ పక్క వారాసిగూడనే అమ్మా," అన్నారు అడ్మిరల్ నెమ్మదిగా. "ఈ కుర్చీల కూసున్నప్పటి సంది ఏ ల్యాబుకు పోయినా గిదే బ్లీచింగ్ వాసన. పని చెయ్యని వస్తువు ఒక్కటి కూడా ఎవ్వరూ చూపెట్టలే. మరి సముద్రంల పోయినంక ఎట్ల చెడిపోతున్నయో నాకు సమజ్ గాదు." ట్యాంకు వైపు తిరిగి, "ఎవరు కడిగింది?" అన్నారు.

పరశురాం కంగారుగా, పొద్దున ట్యాంకు కడిగిన స్వీపర్ కాశమ్మను పిలిచాడు. ఆమె చీపురు కింద పెట్టకుండానే వచ్చింది. అంతమంది పెద్దమనుషులను చూసి, తిట్టడానికే పిలిచారనుకుని తనే ముందు అందుకుంది.

"పదకొండు కడిగిన సారు. తడిబట్టతోని తుడిస్తే ఊడొచ్చినయి. గా పదమూడు మాత్రం నాతోని గావు. ఇనప బిళ్ల వెట్టి గీకినా రాలే, నా రెక్కలు పోయినయి. నౌకరీకెల్లి తీసేస్తే తీసెయ్యుండ్రి, నేనైతే మల్ల ముట్ట!"

"ఏ పదమూడు?" కృపారాణి ఒక్క అంగలో ఆమె దగ్గరికి చేరింది. "ఏడున్నయవ్వా?"

పరశురాం సారు చూస్తే గొడవని, కాశమ్మ వాటిని గోడ వెనక గోనెపట్టా కింద దాచింది. పట్టా లాగగానే పాత కంపు భళ్లుమని లేచింది. అంత కమ్మని వాసన కృపారాణి జన్మలో పీల్చలేదు. పదమూడు పలకల మీదా గుల్లలు చెక్కు చెదరకుండా ఉన్నాయి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని నంబర్లు చూసింది. కడిగిన పదకొండూ, హెడ్డు గారి చేతిలోని పెంకులదానితో సహా, తన రంగువే. గోడ వెనక పన్నెండు మామూలువి. పదమూడోది వెనక్కి తిప్పి ఆగిపోయింది.

"ఆ ఏడో నంబరు సంగతి ఎత్తొద్దు," అని ఆమె భుజం మీంచి చూసిన వెంకటేశ్వర్లు గారు చెవిలో గొణిగారు.

"సార్, ఈ ఏడో నంబరు కూడా నాదే," అంది కృపారాణి పైకే. "ఇది ఓడిపోయింది."

అడ్మిరల్ ఆ పలక తీసుకుని, కాశమ్మ చేతిలోని ఇనప బిళ్లతో తనే గీకి చూశారు. తెల్లటి యూనిఫాం మీద నల్లటి నీళ్లు కారాయి. గుల్ల కదల్లేదు.

"ఇది ఎందుకు ఓడిందో రాసి పంపు," అన్నారు. "తతిమ్మా పదకొండు గెలిచినయి గదా. నీ రంగుకు ఓడ నేనిస్తా."

కృపారాణికి కళ్లు మసకబారాయి. బ్లీచింగ్ వల్ల అని చెప్పి మొహం తుడుచుకుంది.

అడ్మిరల్ అక్కడే గట్టు మీద కూర్చుని పరీక్ష రిపోర్టు ఫారం తీశారు. పరీక్ష జరిపిన వారి పేరు దగ్గర కాశమ్మ అని రాసి, పక్క గడి దగ్గర కలం ఆపారు.

"హోదా ఏం రాయాలమ్మా?"

కాశమ్మ పరశురాం వైపు, హెడ్డు గారి వైపు ఒకసారి చూసింది.

"ఎవ్వల మాటా ఇననిది అని రాస్కో సారు."

నౌకాదళం రికార్డుల్లో ఆ గడిలో ‘స్వతంత్ర పరీక్షాధికారి’ అని ఉంది.