నల్లకారు మీద సుళ్ళు

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే రంగనాయకులు ఆ ఉదయం పెట్టుకున్న పనులు చాలా చిన్నవి. కారు తుడుచుకోవాలి, పూజ చేసుకోవాలి, జిన్నింగు మిల్లుకు వెళ్ళి రావాలి. కారు తుడవడం నిజానికి డ్రైవరు బజారి పని. కానీ నల్లగా నిగనిగలాడే ఆ కారును మరొకరి చేతికి వదలడం రంగనాయకులుకు మనసొప్పేది కాదు. రోజూ తెల్లవారగానే భుజం మీది కండువా తీసి, పడిన దుమ్మును పడినట్టే ఉంచి, దాని మీదనే గుండ్రంగా, ప్రేమగా రుద్దేవాడు. బజారి చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాడు.

ఆ రోజు చైత్రమాసపు ఎండ ఏటవాలుగా బానెట్టు మీద పడింది. రంగనాయకులు చేయి ఆగిపోయింది. నల్లరంగు నిండా సాలెగూడు లాంటి సన్నని గీతలు, చుట్లు చుట్లుగా, ఒకదానిలో ఒకటి. కండువాతో మళ్ళీ రుద్దాడు. ఇంకా బాగా కనిపించాయి.

"బజారీ, ఇట్ల రా. దీనికి సుళ్ళు పడినాయి సూడు."

బజారిది నందవరం పక్క పల్లె. కారు తోలడం నేర్చుకోకముందు అతను తోలింది ఎద్దులనే. ఆ పక్క వాళ్ళకు సుళ్ళంటే ఒకటే అర్థం, పశువు ఒంటి మీద వెంట్రుకలు తిరిగే చోటు. ఏ సుడి ఎక్కడుంటే ఇంటికి కలిసొస్తుందో, ఎక్కడుంటే యజమానికి కీడో చూడకుండా అక్కడెవరూ ఎద్దు పగ్గం పట్టుకోరు.

"యాడ సావుకారూ? ఎన్నుమీదనా, నెత్తిమీదనా?"

"నెత్తిమీదనే. నట్టనడుమ."

బజారి ముఖం పాలిపోయింది. "ఎన్ని ఉండాయి?"

"ఒకటా రెండా! లెక్కే లేదు."

బజారి కారుకు దూరంగా జరిగి, పెరటి దారిన లోపలికి వెళ్ళి, రంగనాయకులు భార్య అమృతవల్లికి సంగతి చెప్పేశాడు.

రంగనాయకులు దిగులు వేరే. వచ్చే శుక్రవారం ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సంఘం కొత్తగా కట్టుకున్న నూలు కొట్టును తెరవడానికి మద్రాసు నుంచి ఒక పెద్ద అధికారి రైలులో ఆదోనికి వస్తున్నాడు. ఆయనను ఎమ్మిగనూరుకు తీసుకుపోయే గౌరవం ఈ నల్లకారుకు దక్కింది. పడుచుతనంలో రంగనాయకులు నూలు మూట నెత్తిన పెట్టుకుని ఆ దారినే నడిచేవాడు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళలో మజ్జిగ తాగి, వాళ్ళ అరుగుల మీదనే ఎండ తగ్గేదాకా కునుకు తీసేవాడు. అదే వీధిలోకి కారులో, అంత పెద్దమనిషి పక్కన కూర్చుని వెళ్ళాలని ఆయన ఎంత ఆశపడుతున్నాడో అమృతవల్లికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ కారు నెత్తిన ఇప్పుడు ఈ సుళ్ళు!

పూజ ముగించి బయటికి వచ్చేసరికి వాకిట్లో ఓబన్న నిలబడి ఉన్నాడు. ఆదోని సంతలో ఓబన్న చెయ్యి పడకుండా ఎద్దు చేతులు మారదు. అమృతవల్లి పిలిపించింది.

"శెట్టీ, అమ్మ అంతా సెప్పినాది. నన్ను సూడనీ," అంటూ ఓబన్న తలగుడ్డ సర్దుకుని కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వెనక్కి వెళ్ళి చక్రం పైనున్న కుడి రెక్క మీద అరచేయి పెట్టి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. ముందుకు వచ్చి వంగి, దీపాల నడుమ ఉన్న ఇనప ఊచల జాలీలోకి తొంగి చూశాడు.

"వయసెంత?"

"నేను కొనేటప్పటికే పాతది. ఓబన్నా, ఇది ఎద్దు కాదప్పా..."

"పండ్లు బాగుండాయి. కుడితొడ మీది సుడి లచ్చిమి సుడి, దాంతో భయం లేదు. నెత్తిమీది సుడి మాత్రం మంచిది కాదు శెట్టీ. యజమానిని నలుగురి ముందర తలొంచేటట్ల చేస్తాది. అమ్మేయాలంటే సెప్పు, గిరాకీని నేను తెస్తా."

"విన్నారు కదా?" అంది తలుపు వెనక నుంచి అమృతవల్లి. "ఆ సుళ్ళు పోయేదాకా మీరు ఆ కారు ఎక్కేది వద్దు."

ఓబన్న సంతకు వెళ్ళాడు. సంత నుంచి మాట బండ్లెక్కి, బస్సెక్కి ఎమ్మిగనూరుకు చేరింది. మరునాడు మధ్యాహ్నం నేతగాళ్ళ పెద్ద మల్లన్న వచ్చి, అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగి, చాలాసేపు తన చేతి గోళ్ళు చూసుకున్నాడు.

"ఏమప్పా మల్లన్నా, ఏంటికి వచ్చినావో సెప్పకుండా కూసున్నావే?"

"ఏం సెప్పేదన్నా. నీ కారు మీద మాకేం అనుమానం లేదు. కాని కొత్త కొట్టు తెరిసేది శుభకార్యం. మా ఆడోళ్ళు పట్టు పడినారు. రామలింగయ్య గారి కొత్త కారు ఉండాదంట కదా, మీగడ రంగుది. మేము అడగకముందే ఆయనే ఇస్తానన్నాడు."

రామలింగయ్య కూడా పత్తి వర్తకుడే, రంగనాయకులు దుకాణానికి ఎదురుగానే కూర్చుంటాడు. ఆ పేరు వినగానే రంగనాయకులు లేచి నిలబడ్డాడు.

"మల్లన్నా, శుక్రవారం లోపల సుళ్ళు లేకుండా చేస్తా. ఇది నా మాట."

"చేస్తే పోతాయా అన్నా అవి? పుట్టుకతో వచ్చినవి కదా?" అన్నాడు మల్లన్న ఎంతో జాలిగా.

సుళ్ళు తీసే మందు ఆదోనిలో దొరకదు. రంగనాయకులు బజారిని వెంటపెట్టుకుని బళ్ళారి వెళ్ళాడు. కారుకు సుళ్ళున్నాయని రైలులోనే వెళ్ళారు. మోటారు సామాన్లు అమ్మే కృష్ణప్ప బిగుతు కోటు వేసుకున్న మనిషి. మాట్లాడే ముందు గొంతు సవరించుకునే అలవాటు ఆయనకు. రెండు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నల్లరంగు కారా స్వామీ? నల్లదాని మీద అన్నీ కనిపిస్తాయి. ఈ డబ్బాలో మెత్తని ముద్ద ఉంది. ఇది సుళ్ళను తీస్తుంది. పైరంగును రవ్వంత అరగదీసి గీతల్ని సమం చేస్తుంది. ఇదేమో మైనం. ఇది తీయదు, మెరుపు ఇస్తుంది, రంగును కాపాడుతుంది. ముందు ముద్ద, తర్వాత మైనం. మైనం చాలా పలచగా పూయాలి. కొంచెం ఆరినాక మెత్తని గుడ్డతో పూర్తిగా తుడిచేయాలి."

రంగనాయకులుకు మొదటి మాట దగ్గరే మనసు చివుక్కుమంది. "రంగును అరగదీస్తుందా?"

"రవ్వంత."

"నా కారు రంగు నేనే గీకి పారేయాల్నా? వద్దు. ఆ మైనమే ఇయ్యండి."

"ఒట్టి మైనంతో సుళ్ళు పోవు స్వామీ."

"కనపడకపోతే చాలు," అన్నాడు రంగనాయకులు. డబ్బా సంచిలో పెట్టుకుంటూ, గుమ్మం దగ్గర ఆగి అడిగాడు. "ఇంతకీ ఈ గీతలు ఎట్ల పడతాయి?"

"దుమ్ము కడగకుండా పొడిగుడ్డతో గుండ్రంగా రుద్దితే పడతాయి. ఎవడు రుద్దుతున్నాడో వాడికి గట్టిగా బుద్ధి చెప్పండి."

రంగనాయకులు గంభీరంగా బజారి వైపు తిరిగాడు. "విన్నావా?"

"విన్నా సావుకారూ," అన్నాడు బజారి.

ఆదోని చేరేదాకా ఇద్దరూ కిటికీలోంచి చెరొక పక్క చూస్తూ కూర్చున్నారు.

గురువారం ఉదయం రంగనాయకులు మైనం పూయడం మొదలుపెట్టాడు. కృష్ణప్ప చెప్పినట్టు పలచగా పూసి తుడిచాడు. కారు మెరిసింది. ఆ మెరుపులో సుళ్ళు మునుపటికంటే ముచ్చటగా కనిపించాయి. ఈసారి మందంగా మెత్తి, తుడవకుండా వదిలేశాడు. ఆశ్చర్యం! ఒక్క సుడీ లేదు. ఇంకొంచెం మెత్తాడు. బానెట్టు పూర్తయ్యేసరికి డబ్బా ఖాళీ.

ఆయన ఖాళీ డబ్బా పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. అమృతవల్లి బయటికి వచ్చింది. బానెట్టును చూసింది, భర్త ముఖం చూసింది. ఏమీ అడగకుండా లోపలికి వెళ్ళి, కొండ పక్క నుంచి వచ్చి తేనె అమ్మే సుంకులమ్మ దగ్గర కొనిపెట్టుకున్న తేనెమైనం ముద్దలు తెచ్చి, ఇత్తడి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. బాగా సాగడానికి ఆముదం కలిపింది.

"తలుపులకు నేను పూస్తా, మీరు ఎనక పక్క సూసుకోండి," అంది చీరకొంగు బిగిస్తూ.

అంతవరకూ ఆ కారును ముట్టనివ్వని మనిషి ఆమె చేతికి గుడ్డ అందించాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ పూటంతా మైనం పూశారు. ఒకచోట ఇద్దరి చేతులూ తగిలినప్పుడు ఆమె నవ్వింది. "పెండ్లిలో మీకు నలుగు పెట్టినప్పుడు గూడా ఇంత కష్టం కాలేదు," అంది. సాయంత్రానికి కారు ఒంటి మీద వేలెడు మందాన పొర. సుడి అన్నది లేదు. తుడిస్తే మళ్ళీ బయటపడతాయని ఎవరూ తుడవలేదు.

శుక్రవారం పొద్దున రైలు దిగిన అధికారి బక్కపలచటి పెద్దమనిషి. రాత్రంతా నిద్రలేక ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. స్టేషను బయట రామలింగయ్య తన మీగడరంగు కారును నల్లకారు పక్కనే నిలిపి ఉంచాడు.

"నేను ఊరికెనే వచ్చినాలే రంగనాయకులూ. ఒకవేళ అక్కర పడితే ఉంటాదని," అంటూ రామలింగయ్య నల్లకారు రెక్క మీద చేయి ఆనించాడు. మాట పూర్తయ్యాక చేయి తీసుకోబోతే రాలేదు. గట్టిగా లాగితే చప్పుడుతో ఊడివచ్చింది. ఆయన తన అరచేతిని, కారును మార్చి మార్చి చూశాడు. రంగనాయకులు ఆ వైపు చూడనే లేదు. అధికారిని జాగ్రత్తగా, ఎక్కడా ఒరుసుకోకుండా కారెక్కించి, పక్కన కూర్చున్నాడు. కారు కదలకముందే అధికారి నిద్రపోయాడు.

ఊరు దాటేసరికి ఎండ చురుక్కుమంది. మైనం కరగడం మొదలైంది. దారికి రెండు పక్కలా జిన్నింగు మిల్లులు. గింజ తీసిన దూది ఆరుబయట కుప్పలుగా పోసి ఉంది. వెనక రామలింగయ్య కారు ఉందా అని రంగనాయకులు తిరిగి చూశాడు. ఉంది. ముందుకు తిరిగేసరికి మిల్లు ఆవరణలోంచి ఎర్రదుమ్ముతో ఒక సుడిగాలి లేచింది. అది దూదికుప్ప మీదుగా నడిచి, గోడ దాటి, దారి మీదికి వచ్చి, కారును కావలించుకుంది. ఒక్కసారిగా బయట ఏమీ కనిపించలేదు, తెల్లదనం తప్ప.

బజారి కారు ఆపాడు. దిగి చూసి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"సుడి సుడిని పిలిసినాది సావుకారూ," అన్నాడు నెమ్మదిగా.

"కారు ఏమైనాది?"

"కారు యాడుండాది? గొర్రె ఉండాది."

రంగనాయకులు దిగాడు. పైకప్పు నుంచి చక్రాల దాకా దూది. ఒక పిడికెడు పీకి చూశాడు. దూది రాలేదు, మైనంతో సహా సాగింది. లోపల అధికారి గురకపెడుతున్నాడు. వెనక మీగడరంగు కారులోంచి రామలింగయ్య తల బయటపెట్టి, "ఎక్కించుకోమంటావా?" అని అరిచాడు.

రంగనాయకులుకు నూలు మూట మోసిన నాడు కూడా ఈ దారిన ఇంత బరువుతో నడవలేదనిపించింది. అయినా మాట ఇచ్చాడు. "అద్దం మీద మాత్రం తుడువు బజారీ. పోనీ," అన్నాడు.

ఎమ్మిగనూరులో మేళం సిద్ధంగా ఉంది. మలుపు తిరిగి వస్తున్నదాన్ని చూసి మేళగాళ్ళు వాయించడం ఆపేశారు. మల్లన్న రెండడుగులు ముందుకు వేసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. పిల్లలు గోలగా పరుగెత్తుకొచ్చారు. రంగనాయకులు దిగి, చేతులు జోడించి, తల వంచుకుని నిలబడ్డాడు. ఓబన్న చెప్పినట్టే నలుగురి ముందర.

నిశ్శబ్దానికి అధికారి మేలుకుని దిగాడు. కళ్ళజోడు పెట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. దూదిని వేలితో నొక్కి చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. రంగనాయకులు కళ్ళు మూసుకున్నాడు.

"ఇరవై ఏళ్ళ నౌకరీలో నాకు ఎన్నో ఊళ్ళలో స్వాగతాలు చెప్పారు," అన్నాడు అధికారి. "పూలు కట్టిన కార్లు ఎక్కాను, మామిడాకులు కట్టిన కార్లు ఎక్కాను. నేతగాళ్ళ పండుగకు కారును దూదితో అలంకరించిన మనిషిని ఈరోజే చూస్తున్నాను. ఎవరికి వచ్చింది ఈ ఆలోచన?"

అందరూ రంగనాయకులు వైపు తిరిగారు. రంగనాయకులు నోరు తెరిచాడు, మాట రాలేదు. ఆ మౌనాన్ని అధికారి వినయం అనుకుని ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పుడు మల్లన్న చప్పట్లు కొట్టాడు. మేళం అందుకుంది. సుళ్ళ మాట విని భయపడిన ఆడవాళ్ళే హారతి పళ్ళెం తెచ్చి కారుకు దిష్టి తీశారు. రామలింగయ్యకు తన మీగడరంగు కారు మీద చేయి వేసే పిల్లలను అదిలించే పని పడలేదు. అసలు ఎవరూ దాని మీద చేయి వేయలేదు.

రంగనాయకులు ఆ రోజు మగ్గాల వీధిలో తాగిన మజ్జిగ ఉప్పగా ఉంది. మజ్జిగలో ఉప్పు ఎక్కువైందా, కంటినీళ్ళు జారి పడ్డాయా అన్నది ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఏటా సంఘం పండుగకు కారును ఇట్లాగే అలంకరించుకుని రావాలని నేతగాళ్ళు కోరారు. ఆయన కాదనలేకపోయాడు. మరుసటి ఏడు ఇంటిల్లిపాదీ ఒక పూటంతా కష్టపడి కారుకు దూది అంటించారు. దారిలో మళ్ళీ సుడిగాలి లేచింది. కారు ఎమ్మిగనూరు చేరేసరికి ఒక్క పింజ లేకుండా, నల్లగా, శుభ్రంగా మెరిసిపోతోంది.