గుట్టలు లేని దేశపు సైకిలు

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి చేసిన మేలు సగమే. ఆ చక్రం కావాలంటే నింపవలసిన ఫారాన్ని కనిపెట్టిన నాడే నాగరికత సంపూర్ణమైంది. ఆ ఘనత వికారాబాదులోని బడిపిల్లల ద్విచక్ర ఎంపిక విభాగానిది. అది మెట్ల కింద ఉంటుంది (ఎదగడానికి అవకాశం ఉండాలని).

ఆ విభాగం ముందు చెప్పులు విడిచి నిలబడినవాడు బీరప్ప. పూడూరు దాటాక ఒక గుట్ట మీది పల్లెలో గొర్రెలు కాచుకునే మనిషి. కూతురు అంబిక పదో తరగతి. బడి గుట్ట కింద, ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సు తనకు బుద్ధి పుట్టిన రోజున వస్తుంది. తెల్లవారి నీళ్లు పట్టి, దొడ్డి ఊడ్చి నడక మొదలుపెడితే అంబిక చేరేసరికి మొదటి గంట అయిపోతుంది. మూడు ఆలస్యాలు కలిస్తే ఒక గైర్హాజరు. హాజరు నూటికి డెబ్బై అయిదు లేకపోతే ఆ బడిలో హాల్ టికెట్ ఇవ్వరు. హాల్ టికెట్ రాకపోతే అంబిక చేతికి వచ్చేది గొర్రెల కర్ర. ఆ కర్రలో తప్పేమీ లేదని బీరప్పకు తెలుసు. కూతురికి అది వద్దని ఇంకా బాగా తెలుసు.

ఏ సైకిలు ఇవ్వాలన్న దానిపై నిపుణుల సంఘం పదకొండు సార్లు కూర్చుంది (బిస్కెట్లు తొమ్మిది సార్లే వచ్చాయి). చివరికి హాలండు దేశపు పాతకాలం సైకిలును ఎంచుకుంది. ఎంపికలో వంక పెట్టడానికి లేదు. నడుము వంచకుండా నిటారుగా కూర్చోవచ్చు. గొలుసుకు చుట్టూ డబ్బా ఉంటుంది కనుక చున్నీ చిక్కుకోదు. అడ్డకడ్డీ లేదు. వెనక క్యారియర్ మీద బడిసంచితో పాటు ఒక గొర్రెపిల్ల కూడా పడుతుంది. బరువు మాత్రం ఇరవై రెండు కిలోలు. ఆ సైకిలు పుట్టిన చోట గుట్టలు లేవన్న సంగతి, పదకొండో సమావేశం ముగిసి అందరూ లేచాక ఒకరికి తట్టింది. మళ్లీ కూర్చోవడం ఇష్టంలేక నిలబడే పద్నాలుగో నిబంధన రాశారు: ఇంటికీ బడికీ మధ్య దారి చదునుగా ఉన్నదని ధ్రువపత్రం జతచేయవలెను.

ముందు సైకిలు ఎంచుకోవాలి, తరువాత పత్రం తేవాలి. తాండూరులోని విభాగపు గోదాములో ఎంపిక యాప్ అంబిక ఎత్తు, కాలి పొడవు, సంచి బరువు, ఇష్టమైన పాఠం అన్నీ అడిగి, బాగా ఆలోచించి, "మీకు తగినది: సైకిలు" అని తేల్చింది. అక్కడ ముప్పై సైకిళ్లు ఒకే రంగులో, ఒకే ఎత్తులో ఉన్నాయి. బీరప్ప సంతలో గొర్రెలను చూసినట్టే వాటినీ చూశాడు. వీపు తడిమాడు. వెనక భాగం ఎత్తి చూశాడు. అంబికతో ఒక్కొక్కటే తోయించి, పది అడుగులు వెనక్కి జరిగి నడక గమనించాడు.

"గిది ఎడమకు గుంజుతది బిడ్డా. గా మూలకున్నది పట్టు. నడుం గట్టిగున్నది."

మూలనున్నదాన్ని అంబిక ఎక్కింది. గోదాము ముందు రెండు చుట్లు తిరిగి వచ్చి, "నాయినా, మస్తున్నదే!" అని గట్టిగా నవ్వింది. అది చూసి బీరప్పకు కడుపు నిండిపోయింది. గోదాము మనిషి సైకిలుకు అంబిక పేరు చీటీ కట్టి, తిరిగి మూలకే తోశాడు.

దారి కొలవడానికి సర్వేయరు వెంకటేశం వచ్చాడు. మంచివాడు. కొలిచే పరికరం మరమ్మతుకు వెళ్లినందున సగం నీళ్లున్న సీసాను దారిలో అడ్డంగా పెట్టాడు. నీళ్లు ఒక మూలకు పోయాయి. వెంకటేశం సీసా కింద ఒక రాయి పెట్టాడు. నీళ్లు సమంగా నిలిచాయి. "చూసినవా, చదునైంది," అన్నాడు. ఇక మిగిలింది దారి వాడేవారి వాంగ్మూలం.

"చెప్పు బీరప్పా. చదునే కదా? జర ఆలోచించి చెప్పు. నువ్వేమంటే గదే రాస్త."

అంబిక వెనక నుంచి తండ్రి కండువా లాగింది. కానీ గొర్రెలు తోలేవాళ్లలో ఒక పద్ధతి ఉంది. ధర గురించి ఏమైనా చెబుతారు, వయసు గురించి ఏమైనా చెబుతారు, దారి అడిగితే మాత్రం ఉన్నదే చెబుతారు. దారి తప్పుగా చెబితే ఎదుటివాడి మంద పోతుంది.

"ఎక్కుడున్నది సారూ. ఎక్కంగ గొర్లు రెండుసార్లు ఆగుతయ్," అన్నాడు బీరప్ప.

వెంకటేశం నిట్టూర్చి అదే రాశాడు. ఆ సాయంత్రం బీరప్ప భార్య సుమిత్రమ్మ మొగుడి ముందు కంచం కొంచెం గట్టిగానే పెట్టింది. "ఒక్క మాట అంటే నీ నోరు పోతుండెనా?"

"దారి సంగతి అబద్ధమెట్ల జెప్తరే?" అన్నాడు బీరప్ప. అన్నాడు గానీ కంచాన్ని సగంలోనే పక్కకు జరిపాడు.

విభాగపు అధికారి చంద్రకాంత్ వాంగ్మూలాన్ని మూడు వారాలు చదివాడు (అందులో ఉన్నది ఒకటే వాక్యం). అన్యాయం చేయడం ఆయన స్వభావంలో లేదు. బడి నుంచి ఇంటికి ఎక్కుడు, నిజమే. కానీ ఇంటి నుంచి బడికి? దిగుడు. దిగుడును నిషేధించే నిబంధన ఎక్కడా లేదు. అందుచేత పోవడానికి సైకిలు మంజూరు చేసి, రావడానికి తిరస్కరించాడు. ప్రతి సాయంత్రం సైకిలును బడిలోనే జమ చేయాలి. సైకిలు నేరుగా బడికే పంపుతారు. తాళంచెవి ప్రధానోపాధ్యాయురాలి బీరువాలో ఉంటుంది.

బీరప్ప ఉత్తర్వును రెండుసార్లు చదివించుకుని అడిగాడు. "పొద్దుగాల సైకిల్ బడిల ఉంటది, పిల్ల ఇంట్ల ఉంటది. ఎట్ల సారూ?"

"అది ప్రయాణం సంగతి. మాది సైకిలు సంగతి," అన్నాడు చంద్రకాంత్ ఓపికగా.

"పోనీ రోజూ మాపటికి నేనే భుజమ్మీద ఏసుకొని గుట్టెక్కుత. కుంటి గొర్రెను మొయ్యనా?"

చంద్రకాంత్ నిజంగానే ఆలోచించాడు. తొక్కితే అది వాహనం, మోస్తే సామాను. సామానుకు రవాణా అనుమతి కావాలి. ఆ విభాగం పై అంతస్తులో ఉంది, కానీ అక్కడ ఇంకా ఎవరినీ వెయ్యలేదు.

సైకిలు బడికి వచ్చింది. దాని మీద కూర్చోబెట్టి అంబికకు ఫొటో తీశారు. మరునాడు, సైకిలు ఉన్న విద్యార్థిని కనుక, ఆమె బస్సు పాసు రద్దయింది. బుద్ధి పుట్టి వచ్చిన రోజున కూడా బస్సు ఆమెను ఎక్కించుకోవడం మానేసింది. అంబిక రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి సైకిలు దగ్గరికి చేరుతోంది. ఆలస్యానికి కారణం అన్న గడిలో క్లాసు టీచరు "సైకిలు ఉండియూ వాడుట లేదు" అని ఎర్ర సిరాతో రాస్తోంది.

ఫిబ్రవరిలో ప్రధానోపాధ్యాయురాలు కృపారాణి బీరప్పను పిలిపించి రెండు రిజిస్టర్లు ముందుంచింది. ఆమె కళ్లెత్తి చూడలేకపోయింది. అంబిక హాజరు నూటికి డెబ్బై ఒకటి. రెండోది సైకిలు జమ రిజిస్టరు, రోజూ సాయంత్రం సంతకంతో. దాని హాజరు నూటికి నూరు.

నిబంధనల ప్రకారం ఆ ఇంటి నుంచి పరీక్షకు అర్హత ఉన్నది సైకిలుకే.