పింకీ మల్హోత్రాకి గోంగూర తియ్యగా ఉందట

నవ్వనని మాటిస్తే చెబుతాను. సరే, నవ్వండి. మా నోయిడా అపార్ట్‌మెంట్లలో మూడు టవర్లు ఇప్పటికే నవ్వేశాయి, ఇక మీరో లెక్కా?

మా ఆవిడ వాసవి ఏడాదిగా ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతోంది. ఆవిడ గోంగూర సీసా మూత తీస్తే పక్క ఫ్లాటువాళ్ళు కూడా కంచాలు కడుక్కుంటారు. కానీ మా గేటు దాటి ఒక్క సీసా బయటికి పోలేదు. ఆ దిగులు ఆవిడకి లోపల ఉంది.

ఆ మధ్య మా ఆఫీసులో సోషల్ మీడియా మార్కెటింగ్ మీద రెండు రోజులు ట్రైనింగిచ్చారు. మొదటి రోజు సమోసాలు బాగున్నాయి. రెండో రోజు నాకు జ్ఞానోదయమైంది.

“వాసవీ, నీ పచ్చళ్ళకి పేజీ పెడుతున్నా.”

“మీకు పచ్చళ్ళ గురించి ఏం తెలుసండీ?”

“పచ్చళ్ళ గురించి తెలియక్కర్లేదు. మార్కెట్ గురించి తెలిస్తే చాలు.”

“మొన్న మార్కెట్‌కి గోంగూర కోసం పంపితే పాలకూర తెచ్చారు.”

విననట్టు పేజీ తెరిచాను. పేరు ‘ఎన్‌సీఆర్ పచ్చళ్ళ మహారాణి’. ఎన్‌సీఆర్ అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఊళ్ళూ. రోజుకి మూడు పోస్టులు. “ఈ పచ్చడి తినని జన్మ వ్యర్థం.” “ఆలోచించకండి, నాకండి.”

వారానికి పదకొండు లైకులొచ్చాయి. తొమ్మిది తెనాలిలో ఉన్న మా బంధువులవి. వాళ్ళు పచ్చడి కొనరు, మనమే పంపాలి. పదోది ప్లాస్టిక్ డబ్బాలమ్మేవాడిది. పదకొండోది నాదే.

మా అమ్మాయి ఇషిత చూసి, “పాపా ప్లీజ్, మేరే ఫ్రెండ్స్ దేఖ్ లేంగే,” అని దణ్ణం పెట్టింది. తన ఫ్రెండ్స్ చూసేస్తారని దాని భయం.

కస్టమర్లు మెచ్చుకుంటేనే కొత్తవాళ్ళు నమ్ముతారని ట్రైనింగులో చెప్పారు. మెచ్చుకునే కస్టమర్ లేకపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆ లోటు నేను తీర్చాను. పింకీ మల్హోత్రా, ఫరీదాబాద్ అని ఓ ఖాతా తెరిచి, బంతిపువ్వు ఫొటో పెట్టాను. “గోంగూర పచ్చడి చాలా కమ్మగా ఉంది” అని ఫోన్లో కొట్టి, హిందీలోకి మార్చమని చెప్పి, వచ్చింది చూడకుండా పేజీలో అతికించాను.

ఆ ఫోనుకి కమ్మగా అంటే తియ్యగా అట. “బహుత్ మీఠా హై!”

ఎవరో దాన్ని తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టారు, మధ్యాహ్నానికి ఢిల్లీ తెలుగువాళ్ళంతా పేజీ మీద పడ్డారు. “గోంగూర తియ్యగా ఉందా?” “బెల్లం వేస్తున్నారా, పటికబెల్లమా?” “గుంటూరువాళ్ళం ఇంకా బతికే ఉన్నామమ్మా!” గంటలో నూటముప్పై కామెంట్లు.

బి టవర్ తాయారమ్మగారైతే సగం తిన్న సీసాతో వచ్చి తలుపు కొట్టారు.

“నాకు షుగరని తెలిసీ ఇలా చేస్తావా అమ్మా?”

“చక్కెర పలుకు కూడా వెయ్యను ఆంటీ, ఒట్టు!” అంది వాసవి.

“మరి ఆ పింకీకి తియ్యగా ఎందుకుంది?”

ఆవిడ సీసా అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. వాసవి దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆవిడ ఫోను తీసుకుని వంటింట్లోకెళ్ళింది.

కాసేపటికి నా జేబులో ఫోను టింగుమంది. వాసవి ఖాతా నుంచి పింకీకి మెసేజ్.

“పింకీగారూ, మా ఆయన పోస్టులు చూసే జనం పారిపోతున్నారేమోనని నా అనుమానం. పేజీ నేనే చూసుకుంటానంటే ఆయన బాధపడతారంటారా?”

నాకు ఒళ్ళు మండింది. టకటకా కొట్టి, హిందీలోకి మార్చి పంపాను. “మీవారు చాలా తెలివైనవారు. అలాంటి భర్త దొరకడం మీ అదృష్టం.”

మళ్ళీ టింగు.

“సంతోషం పింకీగారూ. ఇంతకీ మీరు తెలుగు చదవడం ఎప్పుడు నేర్చుకున్నారు?”

అప్పుడు చూశాను. ఆవిడ మొదటి మెసేజే తెలుగులో ఉంది.

తలెత్తేసరికి వాసవి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కళ్ళల్లో నీళ్ళు లేవు.

“పేజీ పాస్‌వర్డ్ చెప్పండి.”

చెప్పాను.

“పింకీది?”

అదీ చెప్పాను. ఆవిడ ఓ గంపెడు గోంగూర కట్టలు తెచ్చి నా ఒళ్ళో దింపింది. నేను నోరు మూసుకుని ఆకు తుంచుతుంటే ఫొటో తీసి, ఆ పేజీలో తన మొదటి పోస్టు పెట్టింది.

“మా గోంగూర పుల్లగా, కారంగా ఉంటుంది. తియ్యగా ఉందన్న పింకీ మల్హోత్రా ఈ ఫొటోలో ఉన్నారు. పేరు నాగభూషణం. మా ఆయనే. తాయారమ్మ ఆంటీ, మీ సీసా మీరు పట్టుకెళ్ళండి.”

తాయారమ్మగారు పావుగంటలో వచ్చి పట్టుకెళ్ళారు. వెళ్ళేముందు నాకేసి చూసి, “నమస్తే పింకీ జీ,” అన్నారు.

ఆదివారానికల్లా గురుగ్రామ్ నుంచి, ఢిల్లీ ద్వారక నుంచి, నిజంగానే ఫరీదాబాద్ నుంచి కూడా ఆర్డర్లొచ్చాయి. అడిగేవాళ్ళంతా ఒకటే అడుగుతున్నారు, “ఆకు పింకీగారే తుంచారా?” అని.

వాసవి అందరికీ ఒకటే జవాబిస్తోంది. “అవునండీ. ఆఫీసు నుంచి రాగానే.”