మంద్రస్థాయి దరఖాస్తు

సంగీతంలోని కింది స్వరాలను సామాన్యుడి ముంగిట్లోకి తేవడంలో మన ప్రాంతపు అధికార యంత్రాంగం చేసిన కృషిని చరిత్ర తప్పక గుర్తిస్తుంది. (గుర్తించమని చరిత్రకు మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. అది వేరే సంగతి.) చిత్తూరు జిల్లా రెండయినప్పుడు బీరువాలు, జీపులు పంచుకున్నట్టే ఉభయ జిల్లాల వాయిద్య సహాయ విభాగంవారు స్వరాలను కూడా న్యాయంగా పంచుకున్నారు. పై స్వరాల తారస్థాయి తిరుపతికి వెళ్లింది. కింది స్వరాల మంద్రస్థాయి చిత్తూరులో ఉండిపోయింది. మధ్యస్థాయి ఎవరిదన్న వ్యాజ్యం ఇంకా తేలలేదు కాబట్టి, ఆ స్వరాలను ప్రజలు ప్రస్తుతానికి సొంత పూచీ మీద వాడుకోవచ్చు.

ఇంత చక్కని ఏర్పాటు ఒకటి ఉందని వడమాలపేట లోహితకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా తెలియదు. ఆ అమ్మాయి పిల్లలకు కీబోర్డు నేర్పుతుంది, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాతో తిరుగుతుంది. వాళ్ల నాయన ధనంజయ ఒకప్పుడు అదే ఆర్కెస్ట్రాలో కింది స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించేవాడు. పెళ్లిళ్లు లేని రోజుల్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. ఇరవై రెండేళ్లు యంత్రం పక్కన నిలబడినందుకు యంత్రం ఆయన చెవుల్లోంచి శబ్దాలను ఒక్కొక్కటే తీసుకుపోయింది. ముందు పిచ్చుకలు పోయాయి. తర్వాత ఫోను మోత పోయింది. తొమ్మిదేళ్ల కిందట కూతురి గొంతు పోయింది. బాగా కిందనుండే శబ్దాలు మాత్రం మిగిలాయి. వీధి చివర లారీ మలుపు తిరిగితే ఇంట్లో అందరికన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. వెనకనుంచి "నాయనా" అంటే తెలియదు.

లోహిత తన కీబోర్డు మీద ఎన్ని పాటలు వాయించినా ఆయన ఆమె వేళ్లనే చూసేవాడు. బాగుందని తలూపేవాడు. ఆ తలూపడం పాట ఆగిన తర్వాత కూడా కాసేపు సాగేది.

అందుకని ఆమె తిరుపతిలో వాయిద్యాల కొట్టు నడిపే నరేంద్ర దగ్గరికి నాయనను వెంటబెట్టుకుని వెళ్లింది.

"లోతైన బేస్ కావాలన్నా. నాయనకు తగలాల. చవగ్గా ఉండాల."

"ఈ మూడూ ఒక సోట దొరికేది కష్టమమ్మా," అన్నాడు నరేంద్ర. అయినా కరెంటుతో ధ్వనులు పుట్టించే మూడు సింథసైజర్లు తీసి బల్ల మీద పెట్టాడు. మొదటిదానిలో నాలుగు వందల రకాల ధ్వనులున్నాయి. లోహిత వాయించింది. బల్ల మీద అరచేయి ఆనించి నిలబడిన ధనంజయ మర్యాదగా తలూపాడు. ఆ తలూపడం ఆమెకు తెలిసిందే. రెండోది బాగానే మోగింది, కానీ దాని ధర విన్నాక ఆమె దాని మీదనుంచి చేతులు తీసేసింది.

మూడోది పుస్తకం కన్నా కాస్త పెద్దది. "ఇది అనలాగ్," అన్నాడు నరేంద్ర. "లెక్కలేసి మోగేది కాదు, లోపల కరెంటే నేరుగా మోగతాది. ఒకసారికి ఒక స్వరమే పలుకుతాది. దానికింద అదే స్వరం ఇంకో స్థాయి దిగి తోడొస్తాది. పనికొచ్చేది అదే. మళ్ల చెప్పలేదనొద్దు, దీనికి జ్ఞాపకం లేదు. నువ్వు తిప్పి పెట్టిన మరలు ఎవురన్నా కదిలిస్తే ఆ ధ్వని పోయినట్టే. వేడెక్కేదానికి ఇరవై నిమిషాలు పడతాది, అందాకా శ్రుతి నిలవదు."

ఇరవై నిమిషాలు కాఫీలు తాగారు. తర్వాత లోహిత ఒకే ఒక్క స్వరాన్ని నొక్కి పట్టుకుంది. ధనంజయ తలూపలేదు. చేతిని బల్ల మీదనుంచి తీసి, చూసుకుని, మళ్లీ పెట్టాడు.

"పాపా," అన్నాడు. "ఇది ఇనపడతా ఉండాది."

ఎంపిక అయిపోయింది. కొనడం మిగిలింది. అప్పుడే నరేంద్ర ఆ పథకం గురించి చెప్పాడు. పేద కళాకారులు చవకైన వాయిద్యం ఎంచుకుంటే సగం ఖరీదు విభాగమే భరిస్తుంది. పథకం గొప్పది. దీని కింద ఇంతవరకూ ఎవరూ వాయిద్యం పొందలేదు కాబట్టి దుర్వినియోగం కూడా జరగలేదు.

లోహిత వెబ్‌సైటు తెరిచింది. వాయిద్యాల జాబితాలో సింథసైజర్ లేదు. "ఇతరములు" నొక్కితే ఏడు పేజీల అనుబంధ పత్రం వచ్చింది. అందులో నాలుగో ప్రశ్న: వాయిద్యం ఊదునదా, కొట్టునదా, మీటునదా? తిప్పునది అన్న గడి లేదు. ఫోన్ చేసి అడిగితే తిరుపతి కార్యాలయంవారు ఓపిగ్గా విని, ఆమె అడుగుతున్నవి కింది స్వరాలు కాబట్టి చిత్తూరు వెళ్లాలని చెప్పారు.

చిత్తూరులో సూపరింటెండెంట్ యోగానంద మంచి మనిషి. ముప్పై ఏళ్ల సర్వీసులో ఎవరినీ కసురుకోలేదు, ఎవరి పనీ చేయలేదు.

"అనలాగ్ అంటే డిజిటల్ కాదనే గదమ్మా?" అన్నాడు కాగితం చూస్తూ.

"అవును సార్."

"ప్రభుత్వమంతా డిజిటల్ అయిపోయినాక నువ్వు ఎనక్కి పోతానంటే నేను ఏమని రాసేది?"

ఆమె చేత ఒక హామీపత్రం రాయించుకున్నాడు. తాను ప్రగతికి వ్యతిరేకిని కాననీ, కేవలం బేస్ కోసమే అనలాగ్ కోరుతున్నాననీ దాని సారాంశం. ఒకసారికి ఒకే స్వరం పలుకుతుందని తెలిసి, రెండో చేతికి పని లేదు కాబట్టి సహాయంలో సగమే ఇవ్వవచ్చని నోట్ పెట్టాడు. వాయిద్యానికి జ్ఞాపకం లేకపోవడం, ఇరవై నిమిషాలకు గానీ పనిలోకి దిగకపోవడం మీద మాత్రం కార్యాలయం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.

చివరగా వాయిద్యపు ధ్వనిని అర నిమిషం రికార్డు చేసి వెబ్‌సైటులో పెట్టమన్నారు. లోహిత నరేంద్ర కొట్లోనే రికార్డు చేసి పెట్టింది. పన్నెండో రోజున జవాబు వచ్చింది: "పరిశీలించడమైనది. శబ్దం లేదు. తిరస్కరించడమైనది."

ఆమె మళ్లీ చిత్తూరు వెళ్లింది. యోగానంద తన సెల్‌ఫోన్‌లో ఆ రికార్డు పెట్టి చెవి దగ్గర పట్టుకున్నాడు. "నువ్వే ఇను. ఏముండాది దీంట్లో?"

"ఫోన్ స్పీకర్లో బేస్ రాదు సార్. పెద్ద స్పీకరు కావాల."

"నిబంధనలో ఫోనే రాసినారు గదమ్మా."

"నేనే తెచ్చి ఈడ వాయిస్తా సార్. మీరే వినండి."

నిబంధన వెతికితే దానికీ ఒకటి దొరికింది. దాని పేరు ప్రత్యక్ష శ్రవణం. ఆ ప్రకారం వచ్చే మంగళవారం పదకొండు గంటలకు ఒక ముహూర్తం ఖరారైంది. నరేంద్ర ఒక రోజుకు వాయిద్యం ఇచ్చాడు, ఆర్కెస్ట్రావాళ్లు స్పీకరు ఇచ్చారు. బస్సులో స్పీకరుకు కండక్టరు టికెట్టు కొట్టాడు. (పెద్దలకు కొట్టే టికెట్టే.) స్పీకరును పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి కాబట్టి ధనంజయ కూడా వచ్చాడు.

విభాగం తరఫున ధ్వని నిర్ధారణాధికారి కృష్ణమూర్తి హాజరయ్యాడు. శబ్దాన్ని కొలిచే యాప్ ఉన్న ఫోనును బల్ల మీద పెట్టాడు.

"ఆయనెవురు?" అన్నాడు మూల కుర్చీలో కూర్చున్న ధనంజయను చూసి.

"మా నాయన సార్. చెవులు వినపడవు." ఆమె సంచిలోంచి వినికిడి లోపం ధ్రువపత్రం తీసి చూపించింది. సాక్షుల వివరాల కింద కృష్ణమూర్తి దాని నంబరు రాసుకున్నాడు.

వాయిద్యం వేడెక్కింది. లోహిత మొదలుపెట్టింది. అది నాయన ఆర్కెస్ట్రా రోజుల్లో తాళికట్టే వేళ వాయించే ముక్క. ముందు కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. తర్వాత యోగానంద టీ గ్లాసు బల్ల మీద దానంతటదే నాలుగంగుళాలు నడిచింది. బీరువా తలుపు తెరుచుకుని రెండేళ్లనాటి ఫైళ్లు బయటికి వచ్చాయి. (ఏ అధికారీ సంతకం పెట్టకుండా ఆ కార్యాలయంలో ఫైళ్లు కదలడం అదే మొదటిసారి.) కృష్ణమూర్తి యాప్‌లో మాత్రం ముల్లు సున్నా మీదే ఉంది.

మూలన ధనంజయ చెప్పులు విడిచాడు. పాదాలు నేలకు ఆనించాడు. ఎడమచేతి వేళ్లు మోకాలి మీద లేని తీగలను నొక్కుతున్నాయి. ముక్క అయిపోయాక తలూపలేదు. లేచి కూతురి దగ్గరికి వచ్చాడు.

"రెండో వరుసలో నువ్వు తొందరపడినావు పాపా," అన్నాడు. "ఆడ ఒక మాత్ర ఆగాల. నేనెప్పుడూ ఆగేవాణ్ణి."

తొమ్మిదేళ్ల తర్వాత నాయన పట్టుకున్న మొదటి తప్పు అది. లోహిత తల వంచుకుని మరలు సరిచూస్తున్నట్టు నటించింది. కన్నీళ్లు మీట మీద పడితే పైట చెంగుతో తుడిచింది. తర్వాత ఆ ముక్కనే మళ్లీ వాయించింది. ఈసారి ఆగాల్సిన చోట ఆగింది. ధనంజయ నవ్వాడు.

యోగానంద గ్లాసును మెల్లగా వెనక్కి జరుపుకుని, "బాగుండాదమ్మా," అన్నాడు. "కానీ బాగుండాదని రాసే గడి లేదు."

కృష్ణమూర్తి మాత్రం అంతా రాసుకున్నాడు.

మూడు వారాలు ఎదురుచూశాక లోహిత తన పాత కీబోర్డును నరేంద్రకు ఇచ్చేసి, మిగతాదానికి ఆదివారాలు అతని కొట్లో వాయించే ఒప్పందం మీద ఆ చిన్న పెట్టెను ఇంటికి తెచ్చుకుంది. పాఠాలకు ఇప్పుడు పిల్లల ఇళ్లకే వెళ్తోంది. సాయంత్రాలు వడమాలపేటలో ఆ వీధివాళ్ల గిన్నెలు గూట్లో గలగలలాడుతుంటాయి. పక్కింటి చెంగమ్మ మొదట్లో కేకలేసింది. సంగతి తెలిశాక గిన్నెల కింద గుడ్డలు పరిచింది. ధనంజయ పూటకు మూడు తప్పులు పడుతున్నాడు.

నివేదిక నాలుగో వారంలో వచ్చింది. అందులో రెండే అంశాలున్నాయి. ఒకటి: కోరిన వాయిద్యం నుండి ఎటువంటి శబ్దమూ వెలువడలేదు, భవనం కదిలినందున ఫైలును విపత్తుల విభాగానికి పంపడమైనది. రెండు: సదరు శబ్దమును సాక్షి ధనంజయ స్పష్టముగా విని అందులో దోషము సైతము ఎత్తి చూపినందున, ఆయన వినికిడి లోపం ధ్రువపత్రమును, దానితో వచ్చే పింఛనును తక్షణం నిలిపివేయుటకు సిఫారసు చేయడమైనది.

అభ్యంతరాలుంటే ధనంజయ ఏడు రోజుల్లోగా స్వయంగా చెప్పుకోవచ్చు. ఫోన్‌లో మాత్రమే వింటారు.