పీకల ఉత్పత్తి

"ఇకమీదట ఈ నగరంలో ఒక్క సిగరెట్ పీక నేలమీద కనబడినా నేను నిద్రపోను" అని మంత్రిగారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. ఆయన శాసనసభలో సైతం కునుకు తీయగల మనిషి. కాబట్టి ఇది ఎంతటి త్యాగమో పాఠకులే ఊహించుకోవాలి. ఆదివారం ఉదయం ఆయన స్వయంగా చేతొడుగులు వేసుకుని, మార్కెట్ వీధిలో వంగి పీకలు ఏరతారట. వంగుతారనే మాట వినగానే ఫొటోగ్రాఫర్లంతా తలలెత్తారు. పార్టీ అధ్యక్షుడి ముందు తప్ప ఆయన మరెక్కడా వంగినట్టు దాఖలా లేదు.

ఏరడం అయ్యాక సభ ఉంటుంది. అందులో సిగరెట్ మానేసిన ఒక ఆదర్శ పౌరుడికి సన్మానం జరుగుతుంది. ఆ పౌరుడి కోసం ఎక్కడా గాలించనక్కర్లేకపోయింది. మంత్రిగారి కుర్చీ వెనకాలే ఫైళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన పీఏ.

పీఏ సిగరెట్ మానేసిన మాట నిజం. ఆ శాఖలో నిజమైన మాటలు తక్కువ గనక మంత్రిగారు దాన్ని వెంటనే వాడుకోదలిచారు. మానేయడానికి కారణం మాత్రం మంత్రిగారి ప్రసంగాలు కావు, పీఏ కూతురు బుజ్జి. రెండో తరగతి చదువుతున్న ఆ పిల్లకు ఆయాసం. ఒకరోజు అది తన దిండు చంకన పెట్టుకుని, "నీ దగ్గర కంపు నాన్నా, నాకు ఊపిరాడట్లేదు" అని చెప్పేసి అమ్మమ్మ గదిలోకి మకాం మార్చింది. పీఏ లవంగాలు నమిలాడు, గోళ్ళు కొరికాడు, అయినదానికీ కానిదానికీ భార్యమీద విరుచుకుపడ్డాడు, చివరికి మానేశాడు. కొన్నాళ్ళకు బుజ్జి ఏమీ అనకుండానే దిండుతో సహా తిరిగొచ్చి అతని పక్కన పడుకుంది. అప్పటినుంచి ఆ దిండు ముందు మంత్రిగారి కుర్చీ కూడా అతనికి బలాదూరే.

సభలో బుజ్జి నాలుగు మాటలు మాట్లాడాలని మంత్రిగారే ఆదేశించారు. వాళ్ళమ్మ రాసిచ్చింది, బుజ్జి బట్టీపట్టింది.

ఆదివారం ఉదయం పీఏ అందరికంటే ముందు మార్కెట్ వీధికి వెళ్ళాడు. వీధిని ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. అద్దంలా ఉంది. వీధంతా వెతికినా ఒక్క పీక లేదు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని, మెడల్ కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందండీ? మంత్రిగారొస్తున్నారని వీధి మొత్తం కడిగించేశాను."

"మరి పీకలేవండీ?"

"పీకలా? ఒక్కటి చూపించండి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేస్తాను."

"అవేగదయ్యా కావలసింది! మంత్రిగారు ఏరాలిగా!"

ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయింది. "ఏరతారంటే నిజంగా ఏరతారా? ఉత్తినే వంగుతారేమో అనుకున్నాను."

"ఊడ్చినవి ఏం చేశారు?"

"ఏముందండీ, ఎప్పట్లాగే. కాలవలోకి నెట్టేశాం. ఈపాటికి చెరువు చేరుంటాయి."

ఇంతలో మంత్రిగారి కారు వచ్చి సందు మొదట్లో ఆగింది. అద్దం దించగానే లోపలినుంచి దానిమ్మపండు వాసన గుప్పుమంది. మంత్రిగారు సిగరెట్ ముట్టరు. మెడలో తాడుకు వేలాడే చిన్న యంత్రాన్ని పీలుస్తారు. అది పొగ కాదనీ ఆవిరి అనీ ఆయన మంత్రివర్గ సమావేశంలో రుజువు చేశారని చెబుతారు. ఆ రుజువు జరుగుతున్నప్పుడు ఎదుటివాళ్ళ మొహాలు కనబడలేదట.

సంగతి విని ఆయన ఏమాత్రం చలించలేదు. నాయకుడంటే అలా ఉండాలి.

"పీకలు లేకపోతే తెప్పించండి."

"చుట్టుపక్కల వార్డులన్నీ కడిగించేశానండీ" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి గర్వం లేకుండా.

"అయితే తయారు చేయించండి."

ముడిసరుకుకు కొదవలేదు. కార్యక్రమాన్ని స్పాన్సర్ చేస్తున్నది ఒక సిగరెట్ కంపెనీవారి సామాజిక బాధ్యత విభాగం. ఆ విభాగం మేనేజరు తెల్లచొక్కాలో అక్కడే ఉన్నాడు. "వ్యాన్‌లో కార్టన్లున్నాయి సార్, సమాజానికి మా వంతు" అంటూ రెండు చేతులా అందించాడు.

ఇన్‌స్పెక్టర్ ఒక సిగరెట్ విరిచి, కొసను అగ్గిపుల్లతో కాల్చి నేలమీద పడేశాడు. మంత్రిగారి వెంట వచ్చిన ఫొటోగ్రాఫర్ గొంతుక్కూర్చుని కెమెరాలోంచి చూసి పెదవి విరిచాడు.

"దొరికిపోతాం సార్. ఫిల్టర్ మల్లెపూవులా ఉంది. మనిషి పీలిస్తేగాని పసుపు రాదు."

మంత్రిగారు తన పరివారం వైపు చూశారు. డ్రైవర్ అప్పటికే దగ్గుతున్నాడు. గన్‌మన్ సెల్యూట్ కొట్టి, "మాకు కాల్చాలంటే రాతపూర్వకంగా ఆర్డర్ కావాలి సార్" అన్నాడు. "మా శాఖ ఊడవడం వరకేనండీ, పడేయడం పౌరుల బాధ్యత" అన్నాడు ఇన్‌స్పెక్టర్. తెల్లచొక్కా మేనేజరుకు ఒక సిగరెట్ అందిస్తే అతను పామును చూసినట్టు వెనక్కి జరిగాడు.

"అయ్యయ్యో, నేను తాగనండీ. మా కంపెనీలో పెద్దవాళ్ళెవరూ ముట్టరు. ఆరోగ్యం సార్, ఆరోగ్యం."

చివరికి అందరి చూపూ పీఏ మీద వాలింది.

"అనుభవం ఉన్నవాడివి నువ్వే" అన్నారు మంత్రిగారు.

"సార్, నేను మానేశాను సార్! దానికే కదా నాకీ సన్మానం!"

"సన్మానం పదింటికి. ఇంకా చాలా టైముంది."

"మా అమ్మాయి వస్తోంది సార్. దాని ముక్కుకు ఇట్టే తెలిసిపోతుంది. మీకు దణ్ణం పెడతాను, ఇంకేదైనా చెప్పండి."

"ఏమయ్యా, నిన్ను తాగమన్నానా? తయారు చెయ్యమన్నాను. తాగడం వ్యసనం, తయారీ పరిశ్రమ. ఆ మాత్రం తేడా తెలీదూ?" మంత్రిగారు ఒకసారి దానిమ్మ పీల్చి, మెత్తగా అన్నారు. "మా బావమరిది డిగ్రీ చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాడు. పీఏ ఉద్యోగమైతే చేస్తానంటున్నాడు. నీ మొహం చూసే ఇన్నాళ్ళూ ఆగాను."

పీఏ చొక్కా విప్పి కారులో పెట్టి, ఒంటిమీద బనీనుతోనే, మూసి ఉన్న ఒక కొట్టు వెనక్కి వెళ్ళాడు. మొదటిదానికి కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. రెండోదానికి తల తిరిగింది. మూడోదానికి ఒళ్ళు పాత చుట్టాన్ని గుర్తుపట్టి కావలించుకుంది. ఛీ అనుకున్నాడు. హాయిగా ఉన్నందుకు మరీ ఛీ అనుకున్నాడు. ఫొటోగ్రాఫర్ పక్కనే నిలబడి ఒక్కో పీకనూ వెలుతురులో తిప్పి చూసి, "బాగా పండింది" అని మెచ్చుకుంటూ ఇన్‌స్పెక్టర్‌కు అందించాడు. ఇన్‌స్పెక్టర్ వాటిని వీధి పొడవునా సహజంగా చల్లాడు. ఆయన అంత శ్రద్ధగా ఊడ్చడం కూడా ఎవరూ చూసి ఉండరు.

మంత్రిగారు వంగారు. కెమెరాలు టపటపలాడాయి. ఒక పీకను రెండు వేళ్ళతో పైకెత్తి, కళ్ళు చెమర్చగా ఆయన చెప్పారు. "ఇందులో ఉన్నది దూది అనుకుంటున్నారా? ప్లాస్టిక్! ఇది మట్టిలో కలవదు. చెరువులో పడి, చేపల కడుపులో చేరి, తిరిగి మన కంచంలోకే వస్తుంది!" చప్పట్లు మోగాయి. ఆయన వేదిక వైపు కదలగానే, వెనకాల చీపుళ్ళు మిగతా పీకలను కాలవలోకి నెట్టాయి. చెరువు ఆయన శాఖ కిందికి రాదు.

పీఏ కుళాయి దగ్గర చేతులు తోలు ఊడేలా తోముకున్నాడు. నోరు పుక్కిలించాడు. జేబులో ఉన్న లవంగాలన్నీ నమిలాడు. చొక్కా తొడుక్కుని వేదిక ఎక్కేసరికి ముందు వరసలో భార్యా అత్తగారూ కనిపించారు. బుజ్జి జడలు ఎగరేసుకుంటూ మెట్లెక్కి పరుగున వచ్చి, అలవాటు కొద్దీ అతని నడుం పట్టుకుని పొట్టలో మొహం దాచుకుంది.

వెంటనే తీసేసింది.

తల పైకెత్తి అతని కళ్ళలోకి చూసింది. అతను ఏదో చెప్పబోయాడు. నోరు తెరిస్తే ఇంకా తెలిసిపోతుందని మూసుకున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు, అంతే.

"రా తల్లీ, మీ నాన్న సంగతి అందరికీ చెప్పు!" అంటూ మంత్రిగారు మైకు దించారు.

బుజ్జి మైకు ముందుకు వచ్చి నిలబడింది. కిందినుంచి వాళ్ళమ్మ పెదవులతో మొదటి మాట అందించింది. బుజ్జి మరోసారి తండ్రి వైపు చూసి, చేతులు కట్టుకుని, ఒక్క అక్షరం తప్పకుండా అప్పగించింది.

"మా నాన్న దగ్గర ఇదివరకు సిగరెట్ కంపు వచ్చేది. నాకు ఊపిరాడేది కాదు. నాకోసం మా నాన్న సిగరెట్ మానేశారు. ఇప్పుడు మా నాన్న దగ్గర సబ్బు వాసన వస్తుంది. ధన్యవాదాలు."

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మంత్రిగారు పిల్ల నెత్తిన చెయ్యి వేసి, "ఈ పాపకు గొప్ప భవిష్యత్తుంది" అన్నారు. తెల్లచొక్కా మేనేజరు ఆదర్శ పౌరుడికి జ్ఞాపికగా, మంత్రిగారి మెడలోలాంటి ఆవిరి యంత్రమే ఉన్న ఒక రంగురంగుల పెట్టె బహూకరించాడు. పెట్టెమీద కళ్ళజోడు పెట్టుకున్న కుందేలు బొమ్మ, కింద 'బబుల్‌గమ్ రుచి' అన్న అక్షరాలు ఉన్నాయి.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆటోలో బుజ్జి అడిగింది, "ఇది నాకా?"

"కాదమ్మా, పెద్దవాళ్ళది."

"మరి కుందేలుందేం?"

బుజ్జి జరిగి అమ్మమ్మ ఒళ్ళో కూర్చుంది.

ఇంటికి రాగానే పీఏ ఒంటికి రెండు మార్లు, తలకు మూడు మార్లు సబ్బు పెట్టి స్నానం చేశాడు. తువ్వాలుతో గదిలోకి వచ్చి చూస్తే మంచంమీద తన దిండు ఉంది, భార్య దిండు ఉంది. మధ్యది లేదు. అమ్మమ్మ గది తలుపు వేసి ఉంది.

ఫోన్ మోగింది. మంత్రిగారు మంచి హుషారులో ఉన్నారు.

"టీవీలో మనమే వస్తున్నామయ్యా! ముఖ్యమంత్రిగారు ఫోన్ చేసి అన్ని వార్డుల్లోనూ చెయ్యమన్నారు. వచ్చే ఆదివారం స్టేషన్ రోడ్డులో. నువ్వు కాస్త ముందుగానే వచ్చి ఉత్పత్తి మొదలెట్టు. ఆ, పాపను మర్చిపోకు. ఆ సబ్బు వాసన మాట ఉంది చూశావూ, అబ్బ, గుండె పిండేసింది. మళ్ళీ అలాగే చెబుతుందిగా?"

పీఏ మూసిన తలుపు వైపు చూశాడు.

"చెబుతుంది సార్" అన్నాడు. "బాగా నేర్చుకుంది."